నత్తదీవిలో మధ్యాహ్నం వాన పడదు

నత్తదీవికి గడియారం అక్కర్లేదు. వాన ఉంది.

పొద్దుటినుంచీ సూర్యుడు ఆ దీవిని పెనం మీద అట్టులా కాలుస్తాడు. నేల వేడెక్కుతుంది. సముద్రం మీది గాలి ఏమైందో చూద్దామని నాలుగు వైపుల నుంచీ చుట్టాల్లా చొరబడుతుంది. చొరబడ్డ గాలి నిలబడే చోటు లేక పైకి లేస్తుంది, మబ్బై కూర్చుంటుంది. జనం అన్నాలు తిని చెయ్యి కడుక్కుందామని వీధి గుమ్మంలోకి వచ్చేసరికి నీళ్లు ఆకాశమే పోస్తుంది. టీ మరిగే వేళకి ఆపేస్తుంది. కొద్ది రోజులు తప్ప ఏడాదంతా ఇదే తంతు.

తాతల కాలంలో కళింగపట్నం వైపు నుంచి పడవలెక్కి వచ్చి, కొబ్బరినీ చేపనీ నమ్ముకుని స్థిరపడ్డ జనం వాళ్లు. బతుకంతా ఆ వాన చుట్టూ అల్లుకున్నారు. "వాన ముందొస్తాను" అంటే భోజనాల లోపు అని అర్థం. "వాన వెనక కలుద్దాం" అంటే టీ నీళ్ల దగ్గర అని అర్థం. ఎన్నికల్లో గెలిచినవాడు మాత్రం "వానలో వస్తాను" అంటాడు. అంటే రాడని అర్థం.

ఆ దీవిలో తెలుగు బడి ఒక్కటే. దానికి పెద్ద టీచరమ్మ కిల్లాన వరహాలమ్మ. మనిషి పొట్టి, గొంతు గట్టి. ఆవిడ "నిశ్శబ్దం!" అని అరిస్తే ఒడ్డుకొచ్చే అల కూడా ఓ క్షణం ఆగి, నన్నేనా అన్నట్టు చూసేది. అంత గొంతున్న మనిషికీ కిందటి తుఫాను గొంతులో వెలక్కాయ పెట్టి వెళ్లింది. బడి కప్పులో సగం రేకులు లేచిపోయాయి. ఆడపిల్ల లేచిపోతే కనీసం కబురైనా వస్తుంది, ఈ రేకులు ఏ దేశపు రేవు చేరాయో ఇంతవరకూ కబురు లేదు. మిగిలిన సగం కప్పు కింద అన్ని తరగతుల పిల్లల్నీ గంపలో చేపల్లా సర్ది, ఒక మూల ఎక్కాలు, ఒక మూల పద్యాలు, మధ్యలో భూగోళం చెప్పించేది వరహాలమ్మ. ఆ గోలలో ఒక పిల్లాడు "మూడు ఆర్లు హిమాలయాలు" అని అప్పజెప్పాడు కూడా.

నవ్వులాటకి అంటున్నాను గానీ వరహాలమ్మకి లోపల భయం ఉంది. పిల్లలు సగానికి సగం తగ్గితే బడి మూసేసి పాయ అవతలి పెద్ద దీవి బడిలో కలిపేస్తామని పైనుంచి హెచ్చరిక వచ్చింది. కలిపితే పసివాళ్లు రోజూ పడవ మీద పాయ దాటాలి. పాయలో మొసళ్లున్నాయి. అవి ఏ శాఖ కిందకీ రావు.

అందుకని ఆవిడ కొత్త రేకులు అడిగింది. పై ఆఫీసు వెంటనే స్పందించింది. కప్పు అనేది వానను అడ్డుకునే వస్తువు కనుక, ముందు వాన ఉన్నట్టు ధ్రువీకరణ తేవాలంది. ధ్రువీకరణ ఇచ్చే అధికారం ద్వీప వర్షపాత సమన్వయ సంచాలనాలయానిది. ఆ పేరు నోరారా పలికేలోపు ఓ మోస్తరు జల్లు కురిసి వెలుస్తుంది.

ఈ సమన్వయం సంగతి కాస్త చెప్పాలి.

బడి ఆవరణలో పూర్వం నుంచీ ఒక వానమాపకం ఉంది. పైన గరాటు, కింద సీసా, అంతే. లెక్కల మేస్టారు మైలపల్లి ఎర్రన్న రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి దాని మూత తీసి, నిన్నటి ఎనిమిదిన్నర నుంచి పడ్డ నీళ్లన్నీ కొలిచి పైకి చెప్పేవాడు. ఆ సీసాకి ఎంత పడిందో తెలుసు. ఎప్పుడు పడిందో తెలీదు. సీసాకి దాహం ఉంటుంది గానీ చేతికి వాచీ ఉండదు కదా.

తరవాత ఉపగ్రహం వచ్చింది. దానికి ఎప్పుడు పడిందో తెలుసు. కానీ అది దీవిని దీవిలా చూడదు. సముద్రాన్ని పెద్ద పెద్ద చదరాలుగా కోసుకుని ఒక్కో చదరాన్ని ఒక్కో ముద్దగా చూస్తుంది. ఆ చదరం అప్పడమైతే, దాని మీద జీలకర్ర గింజంత ఉంటుంది నత్తదీవి. మిగిలిందంతా సముద్రమే. నడిసముద్రం మీద వాన తెల్లవారుజామున పడుతుంది, అది దాని అలవాటు. అందుచేత అప్పడమంతా తెల్లవారుజామునే తడుస్తుందని ఉపగ్రహం తేల్చింది. జీలకర్రని ఎవరూ అడగలేదు.

ఇలా సీసా ఒకటీ ఉపగ్రహం ఒకటీ చెబుతుంటే, మహా సంచాలకులు డాక్టర్ దండు జలంధర వర్మగారు ఓ ముహూర్తాన రెంటికీ పెళ్లి చేసేశారు. వాన ఎంత అనేది మాపకం చెప్పాలి. వాన ఎప్పుడు అనేది ఉపగ్రహం చెప్పాలి. ఎర్రన్న మేస్టారు కొలిచిన మధ్యాహ్నపు నీళ్లన్నీ అప్పటినుంచి తెల్లవారుజాము ఖాతాలో పడటం మొదలైంది. ఈ ఘనతకి వర్మగారికి సాటి సంచాలకులందరూ కలిసి శాలువా కప్పారు. శాలువా కప్పుకున్న మనిషికి బడి కప్పు సంగతి ఏం తెలుస్తుంది!

ధ్రువీకరణ కోసం ఉపసంచాలకులు ఆకొండి శేషశయనంగారు స్వయంగా దీవికి వేంచేశారు. చేతిలో బ్యాగు, ముక్కు మీద కళ్లజోడు, నోటి నిండా సంస్కృతం. సగం కప్పు కింద కుర్చీ వేసుకుని విచారణ మొదలెట్టారు. అప్పటికి పిల్లలు మధ్యాహ్న భోజనం కంచాలు కడుగుతున్నారు.

"తమ పాఠశాల కార్యకాలము?"

"తొమ్మిదిన్నర నుంచి నాలుగు దాకా బాబూ" అంది వరహాలమ్మ.

"ఉషఃకాలమున తరగతులు నిర్వహించు ఆచారము కలదా?"

"తెల్లారకుండా కూసేవి కోళ్లు బాబూ. మేం కాదు."

శేషశయనంగారి ముఖం వికసించింది. "అయినచో సమస్య సమూలముగా పరిష్కృతమైనది. సమన్వయిత గణాంకముల ప్రకారము ఈ ద్వీపమున వర్షము తెల్లవారుజామున సంభవించుచున్నది. ఆ వేళ పాఠశాల లేదు. పాఠశాల ఉన్న వేళ వర్షము లేదు. ఇక కప్పు దేనికి తల్లీ?"

సరిగ్గా ఆ 'తల్లీ' దగ్గర ఆకాశానికి ఆనకట్ట తెగింది. కప్పులేని సగం బడిలో బెంచీల మీద నీళ్లు చిందులేశాయి. ఉన్న సగం రేకుల మీద వెయ్యి డప్పులు మోగాయి. వరహాలమ్మ చెయ్యి చాపి బయటికి చూపించింది.

శేషశయనంగారు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఇదేటి బాబూ?" అంది ఆవిడ.

"ఇది స్థానిక ఆర్ద్రతానుభూతి."

"ఏటీ?"

"స్థానికులకు కలుగు ఆర్ద్రతా భావన. దీనిని మేము గౌరవించెదము. గణించము."

మనసు ఆర్ద్రమైందనగా విన్నాం గానీ లాగు ఆర్ద్రమైందనగా ఆ దీవిలో అదే వినడం. వాన మధ్యలో నుంచి పరిగెత్తుకొచ్చిన ఎర్రన్న మేస్టారు నిలువునా నీళ్లోడుతూ గుమ్మంలో నిలబడి, "బాబుగారూ, తగువెందుకండీ! ఇప్పుడే మాపకం మూత తీసి సూపిస్తాను. సీసా నిండిపోయుంటాది" అన్నాడు.

శేషశయనంగారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఎనిమిదిన్నరకు తప్ప మాపకము తెరచుట నేరము! అది శాస్త్రీయ పరికరము, ఊరగాయ జాడీ కాదు!"

"మరి ఎనిమిదిన్నరకి తీస్తే అందులో నీళ్లుంటాయి గదండీ."

"ఉండవలెను. తెల్లవారుజాము వర్షము వలన."

లెక్కల మేస్టారికి జీవితంలో మొదటిసారి లెక్క తప్పింది.

రెండు వారాలు తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. కొత్త రేకులు ఇవ్వడం కుదరదని వస్తుందని వరహాలమ్మ అనుకుంది. అది ప్రభుత్వాన్ని తక్కువ అంచనా వెయ్యడం. బడి కప్పు వానలేని వేళల్లో మాత్రమే వాడుకలో ఉన్నందువల్ల, ఉన్న సగం రేకులు కూడా నిరర్థక ఆస్తి అని తేల్చారు. మరోపక్క దీవిలో సంచాలనాలయంవారి అతిథిగృహం ఉంది. అందులో జనం తెల్లవారుజామున తప్పకుండా ఉంటారు, నిద్రపోతూ. వాన పడే వేళకి మనుషులున్న ఏకైక ప్రభుత్వ భవనం అదే. కాబట్టి బడి రేకుల్ని అతిథిగృహం పెంకుల మీద రెండో కప్పుగా వెయ్యాలన్నారు.

కూలీలు వచ్చి రేకులు విప్పుతుంటే వరహాలమ్మ నిచ్చెన కింద నిలబడింది. "ఒరే నాయనా, మీ పిల్లలూ ఇదే బడి కదరా!" అంటే పైనున్నవాడు మేకు పీకుతూ "ఏటి సెయ్యమంటారు టీచరమ్మా, మాకు ఆర్డరు పై నుంచొచ్చింది" అన్నాడు.

"పై నుంచి వానా వస్తది, అది కనపడదేటి?"

"అది ఆర్డరు లేకుండా వస్తంది గదమ్మా!"

రేకులు దిగాయి. పిల్లల తలల మీద ఆకాశం ఎక్కింది. మర్నాడు వరహాలమ్మ నీలం టార్పాలిన్ తెచ్చి నాలుగు కొబ్బరిచెట్లకి కట్టించింది. సాయంత్రానికల్లా సమన్వయ తనిఖీ సిబ్బంది దాన్ని విప్పుకుపోయారు. లేని వానకు టార్పాలిన్ కట్టడం వదంతులు వ్యాపింపజెయ్యడం కిందకి వస్తుందట. వర్ష వదంతి. మొదట్లో అందరూ నవ్వారు. తరవాత గొడుగుల వంతు వచ్చింది. మధ్యాహ్నం బజార్లో ఎవరైనా గొడుగు విప్పితే పోలీసు వచ్చి మర్యాదగా మూసి చేతికిచ్చేవాడు. మూసిన గొడుగు పట్టుకుని జడివానలో నిలబడ్డ జనం, నీళ్లు కారుతున్న టోపీతో మూయించిన పోలీసు, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు.

తెల్లవారుజాము మాత్రం కళకళలాడిపోయేది. ప్రభుత్వోద్యోగులంతా ఆ వేళ రెయిన్‌కోట్లు తొడుక్కుని తిరగాలని నియమం. నిర్మలమైన ఆకాశం కింద, పైన చుక్కలు మెరుస్తుంటే, ఒక్క చుక్కైనా పడుతుందేమోనని చేతులు చాపుకుని వాళ్లు నడుస్తుంటే కుక్కలు మొరగడం కూడా మానేసి ఆలోచనలో పడేవి. ఆస్పత్రిలో ఒక నర్సమ్మకి మధ్యాహ్నం తడిసి జ్వరం వస్తే డాక్టరుగారు 'తెల్లవారుజామున తడిసినందువల్ల' అని రాసి సెలవిచ్చారు. ఆయనకీ పెళ్లాం బిడ్డలున్నారు మరి.

ఎండుచేపల దానమ్మది ఇంకో గొడవ. ఆవిడ ఒడ్డున ఆరబోసిన చేపలన్నీ, వానొస్తోందని గంట కొట్టే మనిషిని తీసేశారు గనక, తడిసి కుళ్లిపోయాయి. పరిహారం కోసం వెళ్తే శేషశయనంగారు ఓపిగ్గా విన్నారు.

"అమ్మా, చేప ఎక్కడి ప్రాణి?"

"నీటి ప్రాణి బాబూ."

"తడియుట దాని సహజ లక్షణము. సహజ లక్షణమునకు పరిహారము ఉండదు."

దానమ్మ నోరు దీవంతటికీ తెలుసు. ఆ నోరు వేసుకునే సరాసరి బడికొచ్చి వరహాలమ్మ ముందు బెంచీ మీద కూర్చుంది. బెంచీ కాళ్ల చుట్టూ నీళ్లు. తరగతిలో పిల్లలు ఒక వరసే మిగిలారు. మిగిలినవాళ్లు జ్వరాలతో ఇళ్లల్లో ఉన్నారు. వాళ్ల తల్లులు "ఎందుకమ్మా, బడికి పంపితే బురదలో కప్పలైపోతన్నారు" అంటున్నారు. నెల తిరక్కుండా హాజరు తనిఖీ. పాయలో మొసళ్లు వరహాలమ్మకి కలలోకి కూడా వస్తున్నాయి.

"ఏటి టీచరమ్మా, అలాగైపోయారు?"

"ఇంకో కబురొచ్చింది దానమ్మా. జలంధర వర్మగారు వస్తున్నారట. 'నిర్వర్ష మధ్యాహ్న మహోత్సవం' చేస్తారట. సభ మన బడిలోనే, కప్పు లేకుండా, మధ్యాహ్నం. ఇక్కడ వాన పడదని లోకానికి చూపించడానికి. సభయ్యాక బడి సంగతి తేలుస్తారట."

"తేలుత్తాది, తేలుత్తాది. ఈ నీళ్లకి మనమందరం తేలుతాం." దానమ్మ చీర కొంగు పిండుకుంది. పిండుతూ పిండుతూ ఆగింది. "అది సరేగానీ టీచరమ్మా, నాకో ముక్క సెప్పండి. మధ్యాన్నం వాన లేదంతన్నారు గదా ఈళ్లు. మరి ఎండుందనైనా ఒప్పుకుంతారా? అదీ లేదంతారా?"

వరహాలమ్మ తలెత్తింది. చాలా రోజుల తరవాత ఆవిడ ముఖంలో మబ్బు విడింది.

"మళ్లీ అను."

"ఎండండీ. ఎండ."

"మేస్టారూ!" అని వరహాలమ్మ పెట్టిన కేక పాయ అవతల కూడా వినపడి ఉంటుంది. "ఊళ్లో ఉన్న విసనకర్రలన్నీ పోగెయ్యండి. నిమ్మకాయలు తెప్పించండి. ఐసు కావాలి, చేపల షెడ్డు నుంచి రెండు దిమ్మలు. మనకి బ్రహ్మాండమైన ఎండ వస్తోంది."

మహోత్సవం రోజు పొద్దుట నుంచీ ఎండ నిజంగానే మాడ్చేసింది. వర్మగారు తెల్ల సూటు, జరీ శాలువా, నల్లగా నిగనిగలాడే జుట్టుతో పడవ దిగారు. ఆ జుట్టు నలుపు ఆయనది కాదని అప్పటికి ఎవరికీ తెలీదు. వెనక శేషశయనంగారు, వారి వెనక ఫొటోగ్రాఫరు. ముందుగా వర్మగారు ఒక ఆజ్ఞ జారీ చేశారు. సభ ముగిసే వరకు వేదిక మీద నుంచి గాని, కింద నుంచి గాని ఎవరూ కదలరాదు. కదిలితే వాన పడినట్టు అర్థం వస్తుంది. అర్థం వస్తే అనర్థం వస్తుంది.

వర్మగారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! ఒకప్పుడు ఈ ద్వీపవాసులు మధ్యాహ్నమైతే భయముతో ఇళ్లలో దాగెడివారు. నేడు..."

నేడు అనగానే ఒక చినుకు ఆయన ముక్కు మీద వాలింది. ఆయన దాన్ని ఈగలా తోలారు. రెండోది శాలువా మీద పడింది. మూడోది అని లెక్కపెట్టే వీలు లేకుండా మిగిలినదంతా ఒక్కసారే పడింది.

ఎవరూ కదల్లేదు. శేషశయనంగారు జేబులోంచి నల్ల కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు, ఎండ కోసం. వర్మగారి ఉపన్యాసం కాగితం మీద అక్షరాలు ఒకదానిలోకి ఒకటి జారి, అన్నీ కలిసి ఒకే మహా సమన్వయమైపోయాయి. ఆయన గుర్తున్నంత మేర చదివారు. "నేడు... ఈ నిర్మలాకాశము కింద..." అనేసరికి మైకు గులగులమంటూ పుక్కిలించింది. ఆ తరవాత జుట్టు కారడం మొదలైంది. నుదుటి మీదుగా రెండు నల్లటి పాయలు దిగి, గడ్డం దగ్గర కలిసి, తెల్ల సూటు మీద డెల్టా కట్టాయి. శాస్త్రవేత్త కనక ఆయనకి నది ఎలా పుడుతుందో తెలుసు గానీ తన మీద పుడుతుందని ఊహించలేదు.

అప్పుడు వరహాలమ్మ కదిలింది. ఆతిథ్యానికి కదలొచ్చు కదా.

"అయ్యో బాబూ, ఎండన పడి వచ్చారు. ముఖమంతా చెమటలు కక్కేస్తోంది" అంటూ ఐసు గడ్డలు తేలుతున్న నిమ్మరసం గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. ఎముకలు కొరికే గాలి, నెత్తిన జడివాన, చేతిలో ఐసు నీళ్లు. వద్దంటే ఎండ లేదని ఒప్పుకున్నట్టు. వర్మగారు తాగారు. ఆయన తాగుతుండగా ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు.

"విసరండర్రా!" అంది వరహాలమ్మ.

బడి పిల్లలు, వాళ్ల తల్లులు, దానమ్మ, ఎర్రన్న మేస్టారు, అందరూ విసనకర్రలు తీసి వేదిక వైపు విసరడం మొదలెట్టారు. ఇన్నాళ్లూ తడిసిన కసి అంతా ఆ గాలిలో ఉంది.

"సల్లగుందా బాబూ?" అని దానమ్మ అభిమానంగా అడిగింది.

"హా... హా... హాయిగా" అన్నారు వర్మగారు. పళ్లు తాళం వేస్తున్నాయి.

"ఇంకో గ్లాసు తాగుతారా? వడదెబ్బ తగిలితే మాకు మాటొస్తాది."

రెండో గ్లాసుకి శేషశయనంగారు కళ్లద్దాల వెనక కళ్లు మూసుకున్నారు. ఉపగ్రహాన్నే తలుచుకున్నారో, గ్రహచారాన్నే తిట్టుకున్నారో మనకి తెలీదు.

వరహాలమ్మ మైకు దగ్గరికి వచ్చింది. దాంతో ఆవిడకి పనేమీ లేదు, మర్యాదకి ముట్టుకుంది.

"మహా సంచాలకులకి నమస్కారం. ఇక్కడ మధ్యాహ్నం వాన లేదని మీరు కనిపెట్టి మా కళ్లు తెరిపించారు. అంతకుముందు మేం వానకి కప్పు కావాలని అడిగాం, బుద్ధి తక్కువ. ఇప్పుడు కప్పు అడగం. కానీ బాబూ, వాన లేదంటే ఉన్నదంతా ఎండే కదా. భోజనాల దగ్గర్నుంచి టీ దాకా ఒక్క చినుకు లేని ఎండ! మీరే గంటన్నా కాకముందే ఎలా అయిపోయారో చూడండి, జుట్టు కూడా కరిగిపోయింది. ఇంత ఎండలో పసివాళ్లు ఎలా కూర్చుంటారు? ఎండదెబ్బకి భయపడి బడికి రావడం మానేశారు. మాకు కప్పొద్దు. నీడ ఇప్పించండి."

వర్మగారు ఆవిడ వైపు చూశారు. కారుతున్న నలుపు వెనక ఆయన కళ్లల్లో చాలా ఏళ్ల తరవాత ఒక స్వంత ఆలోచన పుట్టింది. నీడ అంటే నెత్తి మీద ఏదో ఉంటుంది.

"నీడ" అన్నారాయన, ఆ మాట మొదటిసారి విన్నట్టు. "ని... నిజమే. ఎండ ఎక్కువగా ఉన్నది. మం... మం... మంజూరు!"

శేషశయనంగారిలో నిబంధన మేల్కొంది. "సార్, నీడ పద్దు కింద ఆకుపచ్చ వల మాత్రమే ఇవ్వగలము. వల సరిపోవును."

"వల కళ్లల్లోంచి ఎండ కారుతుంది బాబూ" అంది వరహాలమ్మ అమాయకంగా.

"కారుతుంది! ఘోరంగా కారుతుంది!" అని వర్మగారు కేకపెట్టారు. "వెలుగు చొరబడని సామగ్రి కావలెను. రేకులు! తక్షణము! ఎక్కడ ఉన్నవి?"

"మీ అతిథిగృహం మీద ఉన్నాయి బాబూ. రెండో కప్పుగా. నిచ్చెన కూడా అక్కడే ఉంది" అన్నాడు ఎర్రన్న మేస్టారు. నిచ్చెన సంగతి పొద్దున్నే చూసి వచ్చాడాయన.

నీడ పని అంత వేగంగా జరగడం ఏ దేశ చరిత్రలోనూ ఉండదు. కూలీలు మోసుకొచ్చిన మొదటి రేకుని మేకులు కొట్టేదాకా ఆగకుండా వర్మగారి నెత్తి మీద పట్టుకునే నిలబడ్డారు. దాని కిందకి శేషశయనంగారు దూరారు, తరవాత ఫొటోగ్రాఫరు. "ఆహా, ఎండ తగ్గింది" అన్నారు ఉపసంచాలకులు, కళ్లద్దాలు తీసి విదుల్చుకుంటూ. విప్పే ఊపులో కూలీలు అతిథిగృహం పాత పెంకుల్ని కూడా దించేశారు. ఆర్డరు పై నుంచి వచ్చింది కదా, పైనున్నవన్నీ దించారు.

తుఫాను ఎత్తుకుపోయిన సగానికి కూడా కొత్త రేకులు వచ్చాయి. సగం తరగతికి నీడా సగం తరగతికి ఎండా అయితే సమానత్వ సూత్రానికి భంగమని సంచాలనాలయమే తేల్చింది. ప్రతి రేకు మీదా ఎర్ర రంగుతో రాయించారు: 'ఎండకు మాత్రమే. వానకు ఉపయోగించరాదు.'

ఆ రాత్రి వర్మగారు, శేషశయనంగారు కప్పులేని అతిథిగృహంలో, గణాంకాల ప్రకారం వాన వచ్చే వేళకి సిద్ధంగా రెయిన్‌కోట్లు తొడుక్కుని పడుకున్నారు. చినుకు పడలేదు. పొద్దున్నకి ఇద్దరూ పొడిపొడిగా లేచి, నిన్నటి మధ్యాహ్నపు జలుబుతో దిక్కులదిరేలా తుమ్మారు. ఆ తుమ్ముల్ని తెల్లవారుజాము వర్షానికి తిరుగులేని నిదర్శనంగా నివేదికలో చేర్చారని విన్నాం. ఎర్రన్న మేస్టారు కూడా ఎనిమిదిన్నరకి మూత తీశాడు. సీసా నిండుగా ఉంది. దాంతో శాస్త్రం నిలబడింది.

జ్వరాలు తగ్గిన పిల్లలు ఒక్కొక్కరే బడికి తిరిగొచ్చారు. తనిఖీకి వచ్చినవాళ్లు తలలు లెక్కపెట్టుకుని వెళ్లిపోయారు. వరహాలమ్మకి మొసళ్లు కలలోకి రావడం మానేశాయి.

ఆ తరవాతొక రోజు భోజనాలయ్యాయి. పిల్లలు కంచాలు కడిగి వచ్చి కూర్చున్నారు. వరహాలమ్మ పద్యం ఎత్తుకుంది, ఎర్రన్న మేస్టారు పక్క గదిలో ఎక్కం ఎత్తుకున్నాడు. పైన రేకుల మీద వెయ్యి డప్పులు ఒక్కసారిగా మోగాయి. పద్యం పద్యానికి వినపడలేదు, ఎక్కం ఎక్కానికి వినపడలేదు. ఎర్రన్న మేస్టారు గుమ్మంలోకి వచ్చి చెవులు మూసుకున్నాడు.

"ఏటి టీచరమ్మా! ఇయ్యాల ఎండ మరీ సప్పుడు సేత్తంది!"

వరహాలమ్మ పైకి చూసింది. ఒక్క చుక్క కారడం లేదు.

"అవును మేస్టారూ" అని అరిచింది. "బాగా కాస్తోంది. గొంతు పెంచండి."